నాలుగేళ్ళు మెక్సికో క్రేమా వాడాక: కాల్చిన మిరపకాయల కూరలో విరగని మీగడ

ముందే చెప్పేస్తున్నా, ఇది మెక్సికో వంటలన్నిటి గురించి కాదు, ఒక్క క్రేమా గురించి, అంటే ఇక్కడి చిక్కటి, కాస్త పుల్లటి మీగడ గురించి, అది కూడా కాల్చిన పొబ్లానోలతో, అంటే ఇక్కడి లావాటి ఆకుపచ్చ మిరపకాయలతో వండినప్పుడు ఎలా ఉంటుందనే దాని గురించే. మావారి ఉద్యోగం వల్ల మెక్సికోలో గ్వాదలహారా అనే ఊరికి వచ్చి నాలుగేళ్ళు దాటింది, మేం శాకాహారులం, ఇక్కడ బయట తినాలంటే ఉడికించిన చిక్కుడు గింజల్లో కూడా పంది కొవ్వు వేశారా అని అడగాలి, కూరల్లో చికెన్ పొడి కలపడం కూడా చాలా మామూలు, అందుకని వచ్చిన మొదటి నెలలోనే ఇంట్లో మనమే చేసుకోగలిగే ఇక్కడి కూర ఏదైనా ఉందా అని వెతుక్కుంటే దొరికింది రాహాస్ కోన్ క్రేమా. రాహాస్ అంటే చీలికలు. పొబ్లానోలు కాల్చి తొక్క తీసి నిలువు చీలికలు కోసి, ఉల్లిపాయ, మొక్కజొన్న గింజలతో కలిపి మీగడలో మగ్గబెడతారు. అప్పట్నించి వారానికి ఒకసారైనా చేస్తున్నా, అంటే తక్కువలో తక్కువ రెండొందల సార్లు చేసుంటా.

నాకు ఈ క్రేమా మీద ఇంత ప్రేమ ఎందుకంటే ఒకే ఒక్క కారణం, అది పొయ్యి మీద విరగలేదు. మజ్జిగ పులుసు పెట్టే వాళ్ళందరికీ తెలుసు కదా ఆ భయం, శనగపిండి కలుపుకోవాలి, గరిటె తిప్పుతూనే ఉండాలి, ఒక్క నిమిషం అటు చూస్తే నీళ్ళు వేరు తరకలు వేరు. నేను ఆ భయంతోనే పెరిగా. మొదటిసారి రాహాస్ చేసినప్పుడు కూడా స్టవ్ ఆపేసి, కాస్త చల్లారనిచ్చి, చెంచా చెంచా చొప్పున క్రేమా వేస్తుంటే పక్కింటి పెద్దావిడ చూసి నా చేతిలోంచి డబ్బా తీసుకుని మొత్తం ఒకేసారి వేడి మూకుట్లో పోసేసింది. నా గుండె ఆగినంత పనైంది. అది బుడగలు వచ్చి ఉడికింది, చిక్కబడింది, మిరప చీలికలకి పట్టుకుంది, ఒక్క పలుకు కూడా కనపడలేదు. "చూశావా మీహా, భయపడకు, దాన్ని ఉడకనిస్తేనే రుచి" అంది ఆవిడ. మీహా అంటే నా కూతురా అని, ఇక్కడ పెద్దవాళ్ళు చిన్నవాళ్ళని అలాగే పిలుస్తారు.

కాల్చడం గురించి కూడా చెప్పాలి ఎందుకంటే అది సరిగ్గా రాకపోతే మీగడ ఎంత మంచిదైనా కూర నిలబడదు. దీన్ని వీళ్ళు తతెమార్ అంటారు. గ్యాస్ మంట మీద నేరుగా పెట్టి పట్టకారుతో తిప్పుతూ కాయ మొత్తం నల్లగా బొబ్బలెక్కేదాకా కాల్చాలి, నాకు ఒక్కో కాయకి ఏడెనిమిది నిమిషాలు పడుతుంది, కొమాల్ మీద అంటే వీళ్ళ పెనం మీద అయితే ఇంకాస్త ఎక్కువ. తర్వాత తడిగుడ్డలో చుట్టి పది నిమిషాలు పక్కన పెట్టాలి, దానికి వీళ్ళు వాడే మాట చెమట పట్టనివ్వడం, ఆ ఆవిరికి తొక్క దానంతటదే ఊడి వస్తుంది. అమ్మకి వీడియో కాల్ లో చూపిస్తే "ఇది మన వంకాయ పచ్చడికి కాల్చినట్టే కదే" అంది, నిజమే, వాసన కూడా దాదాపు అదే. కాకపోతే వంకాయని నేను కాల్చాక నీళ్ళలో ముంచి ఒలుస్తా, ఇక్కడ అలా చేయబోతే పెద్దావిడ కుళాయి కట్టేసింది, కడిగితే ఆ కాలిన రుచంతా సింకులో పోతుందని. చేతులు తడుపుకుంటూ ఒలవాలి, అక్కడక్కడా నల్ల మచ్చలు మిగిలితే మిగలనీ. ఎక్కువసేపు చుట్టి ఉంచినా తప్పే, అరగంట ఉంచేస్తే కండ మెత్తబడిపోయి చీలికలు రావు, పచ్చడే.

పొబ్లానోల్లో ఉన్న చిక్కు ఏంటంటే కారం అంచనాకి అందదు. ఒక కాయ క్యాప్సికంలా చప్పగా ఉంటుంది, అదే గంపలో పక్క కాయ నాలుక మీద నిప్పు పెడుతుంది. గింజలు అంటుకుని ఉండే తెల్లటి భాగాన్ని పూర్తిగా తీసేస్తే చాలావరకు తగ్గుతుంది, అసలు కారం ఉండేది అక్కడే. అయినా ఒక్కోసారి దొరికిపోతాం. అప్పుడు కూడా కాపాడేది క్రేమానే, కొవ్వు, పాల ప్రొటీన్ రెండూ కారాన్ని పట్టి లాగేస్తాయి, మా ఆరేళ్ళ పాప తినగలిగేలా చేస్తాయి. పాపకి ఇదే రుచి స్పగెట్టీలో ఇష్టం, కాల్చిన పొబ్లానో, క్రేమా, కాస్త వెల్లుల్లి మిక్సీలో తిప్పి పచ్చటి సాస్ చేస్తారు, ఎస్పగేతీ వెర్దే అని, ఇక్కడ పుట్టినరోజులకి క్రిస్మస్ కి అది ఉండాల్సిందే.

ఇప్పుడు అసలు కథ. రెండేళ్ళ కిందట మావారి రక్త పరీక్షలో కొలెస్ట్రాల్ ఎక్కువొచ్చింది. అప్పటిదాకా నేను క్రేమా డబ్బా మీద ఉండే నల్ల అష్టభుజి ముద్రల్ని పట్టించుకోలేదు, 2020 నుంచి ఇక్కడ ప్యాకెట్ల మీద అవి తప్పనిసరి, సంతృప్త కొవ్వు ఎక్కువ అని కొట్టొచ్చినట్టు రాసి ఉంటుంది. ఆ వారమే కొవ్వు తగ్గించిన క్రేమాకి మారా. రాహాస్ లో పెద్ద తేడా తెలియలేదు, కాస్త పల్చగా ఉంది అంతే, సర్లే బాగానే ఉంది అనుకున్నా. దీపావళికి మా ఇంట్లో నాలుగు తెలుగు కుటుంబాలు, పిల్లలతో కలిపి పధ్నాలుగు మంది, అందరూ శాకాహారులే, ఎంచిలాదాస్ సూయిసాస్ చేద్దామనుకున్నా. సూయిసాస్ అంటే స్విట్జర్లాండ్ వి అని, మీగడ, చీజ్ దండిగా పడతాయి కాబట్టి ఆ పేరు. మొక్కజొన్న తోర్తియాల్లో, అంటే ఇక్కడి పల్చటి రొట్టెల్లో, కాల్చిన పొబ్లానో చీలికలు, చీజ్ పెట్టి చుట్టి, పైన తోమాతే వెర్దే సాస్ పోసి ఓవెన్ లో పెట్టాలి. తోమాతే వెర్దే అంటే పచ్చ టమాటా కాదు, పల్చటి కాగితం లాంటి పొర చుట్టి ఉండే వేరే కాయ, బాగా పులుపు.

సాయంత్రం ఆరున్నరకి సాస్ కుతకుత ఉడుకుతోంది, ఫ్రిజ్ లోంచి తీసిన క్రేమా నాలుగేళ్ళ అలవాటు ధైర్యంతో, సారీ, అప్పటికి రెండేళ్ళే, ఆ ధైర్యంతో మొత్తం పోసేశా. అర నిమిషంలో విరిగింది. మామూలుగా కాదు, పచ్చటి నీళ్ళలో తెల్లటి రవ్వ తేలుతున్నట్టు, పన్నీరు కోసం పాలు విరిచినప్పుడు ఎలా ఉంటుందో అచ్చం అలా. ఏడుపొచ్చేసింది నిజంగా, పన్నెండు పొబ్లానోలు కాల్చి ఒలిచి, తోర్తియాలన్నీ చుట్టి ట్రేలో సర్ది ఉన్నాయి, గంటలో జనం వచ్చేస్తారు. పెద్దావిడ తలుపు తట్టా. ఆవిడ డబ్బా చూసి "ఇది కొవ్వు తీసేసింది కదా, పులుపులో ఎలా నిలబడుతుంది" అంది, కొవ్వు ఎక్కువ ఉంటే ప్రొటీన్ ని గడ్డకట్టనివ్వకుండా అడ్డం ఉంటుంది, అది తగ్గి ప్రొటీన్ వాటా పెరిగి పైగా పులుపు, వేడి రెండూ ఒకేసారి తగిలితే విరగక ఏం చేస్తుంది, ఇదంతా నాకు తర్వాత అర్థమైంది, మజ్జిగ విరిగేది కూడా ఇందుకే. ఆవిడ ఇంట్లోంచి మామూలు క్రేమా తెచ్చింది, విరిగిన సాస్ ని మిక్సీలో వేసి, చల్లటి పాలల్లో రెండు చెంచాల కార్న్ ఫ్లోర్ కలిపి పోసి, మళ్ళీ సన్న సెగ మీద పెట్టి, చివర్లో మంచి క్రేమా కలిపింది. పలుకు పూర్తిగా పోలేదు, నాలుక మీద తెలిసింది నాకు, వచ్చిన వాళ్ళు ఏమీ అనలేదు, పైన చీజ్ కప్పేసింది కాబట్టి కావచ్చు. ఆ రాత్రి అందరూ వెళ్ళాక కూడా నాకు దాని గురించే బాధ.

ఆ కార్న్ ఫ్లోర్ చూశాకే నాకొక అనుమానం వచ్చింది. మజ్జిగ పులుసులో శనగపిండి చేసే పనే కదా ఇది. మర్నాడు నేను అంతగా మెచ్చుకున్న మామూలు క్రేమా డబ్బా తిప్పి పదార్థాల జాబితా చదివా, మీగడతో పాటు స్టార్చ్, గమ్ కూడా ఉన్నాయి. అంటే అది విరగకపోవడం అంతా మీగడ గొప్పతనమే కాదన్నమాట. ఇంకో డబ్బాలో గ్రెనెతినా అని ఉంది, అంటే జెలటిన్, శాకాహారులు దయచేసి ఈ మాట గుర్తుపెట్టుకోండి, అన్నింట్లో ఉండదు కానీ కొన్నింట్లో ఉంటుంది, నేను అంతకుముందు చదవకుండా ఎన్ని కొన్నానో తలుచుకుంటే ఇప్పటికీ మనసు బాగోదు. కొన్ని చవక డబ్బాలు అసలు క్రేమానే కాదు, నూనె కలిపినవి, చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది.

అప్పట్నించి మార్కెట్ లో క్రెమెరియాకి వెళ్తున్నా. చీజ్, మీగడ మాత్రమే అమ్మే చిన్న కొట్లు ఇవి, క్రేమా దె రాంచో అని అడిగితే పెద్ద బకెట్ లోంచి గరిటెతో తీసి సంచిలో తూచి ఇస్తారు. లేత పసుపు రంగు, చిక్కన, చిన్నగా పుల్లగా, మా అమ్మమ్మ వాళ్ళింట్లో వెన్న తీయబోయే ముందు మీగడ ఎలా ఉండేదో ఆ వాసన. రుచిలో డబ్బా క్రేమా దీని దరిదాపుల్లోకి రాదు, కాలిన పొబ్లానో పొగ వాసనకి ఈ పులుపు తగిలితే వేరే కూర అయిపోతుంది. కానీ ఇది డబ్బా లాగా మన్నించదు. పెద్ద మంట మీద వదిలేసి ఫోన్ మాట్లాడితే నెయ్యి పైకి తేలిపోతుంది. ఇప్పుడు నేను చేసేది, ఆరు పొబ్లానోలకి ఒక పెద్ద తెల్ల ఉల్లిపాయ, రెండు మొక్కజొన్న పొత్తుల గింజలు, వెన్నలో బాగా మగ్గాక సెగ తగ్గించి కప్పు క్రేమా వేసి ఐదారు నిమిషాలు మాత్రమే ఉడికిస్తా, ఉప్పు చివర్లో. తేలినట్టు కనిపిస్తే రెండు చెంచాల పాలు పోసి తిప్పితే మళ్ళీ కలుస్తుంది. పులుపు సాస్ అయితే ముందు మంట తగ్గించి, గరిటెడు వేడి సాస్ క్రేమాలో కలిపి అప్పుడు దాన్ని గిన్నెలో పోస్తా. కాబట్టి పైన విరగలేదు అన్నదాన్ని ఇలా చదువుకోండి, కొవ్వు నిండా ఉండి, దగ్గరుండి చూసుకుంటే విరగదు.

ఆగస్టు, సెప్టెంబర్ లో పొబ్లానోలు బాగా వస్తాయి, అప్పుడు ఊరంతా చీలెస్ ఎన్ నొగాదా హడావుడి, అంటే లోపల కూరిన పొబ్లానోల మీద అక్రోటు సాస్ పోసే వంటకం. 1821లో మెక్సికో స్వాతంత్ర్య పోరాట నాయకుడు ఇతుర్బీదె కోసం పువెబ్లా అనే ఊళ్ళో సన్యాసినులు చేశారని చెప్పుకుంటారు, పచ్చటి కాయ, తెల్లటి అక్రోటు సాస్, ఎర్రటి దానిమ్మ గింజలు, వీళ్ళ జెండా రంగులు. ఆ సాస్ పొయ్యి ఎక్కదు కాబట్టి దానికి ఏ క్రేమా అయినా పర్లేదు, విరిగే గొడవే లేదు, నేను మాంసం బదులు పళ్ళు, బాదం పెట్టి చేస్తా.

పోయిన వేసవిలో గుంటూరు వెళ్ళినప్పుడు అమ్మకి చేసి పెడదామని చూశా. పొబ్లానో ఎక్కడా దొరకలేదు, క్యాప్సికం కాలిస్తే కూర తియ్యగా వచ్చింది, రెండోసారి లావు బజ్జీ మిరపకాయలు సగం కలిపితే కాస్త దగ్గరకొచ్చింది. మీగడ మాత్రం కుదరలేదు, పాల మీద తీసిన మీగడలో తెట్టు ఉంటుంది కదా, వేడికి ముద్దలు ముద్దలుగా అయిపోయింది, మిక్సీ పట్టి వేస్తే సరిపోయింది. అమ్మ అన్నంలో కలుపుకుని తిని బాగుందంది, ఆవకాయ మాత్రం పక్కనే ఉంచుకుంది. డాలస్ లో అక్క అక్కడి సోర్ క్రీమ్ తో చేసి ప్రతిసారీ విరుగుతోందని ఫోన్ చేస్తుంది, దానిలో కొవ్వు తక్కువ, పులుపు ఎక్కువ, స్టవ్ ఆపాక కలపమని చెప్పా, లేదంటే అక్కడ మెక్సికన్ కొట్లు బోలెడు, అక్కడ క్రేమా దొరుకుతుంది.

నా మటుకు నాకు, ఇంట్లో గ్యాస్ మంట ఉంది, మార్కెట్ పది నిమిషాల నడక, పగలు ఇంట్లో ఉంటా కాబట్టి రాంచో క్రేమానే. ఉద్యోగం చేస్తూ రాత్రి ఎనిమిదికి వచ్చి వండాల్సిన రోజులుంటే డబ్బాదే తెచ్చుకునేదాన్ని, గ్రెనెతినా లేనిది చూసుకుని. కొలెస్ట్రాల్ సంగతికొస్తే మళ్ళీ కొవ్వు తగ్గించినది కొనలేదు, అసలైనదే సగం వేసి, వారానికి రెండుసార్లు చేసేది ఒకసారికి తగ్గించా, మావారి వాటాలో మొక్కజొన్న ఎక్కువ, సాస్ తక్కువ. మొన్న పరీక్షలో కాస్త తగ్గింది, ఆయన రోజూ నడుస్తున్నారు కూడా, దేనివల్ల తగ్గిందో నేను చెప్పలేను.