లాప్‌టాప్ తెర: గ్లాసీనా, మ్యాటా? ఏది మేలు?

ఇంజనీరింగ్ సీట్లు ఖరారయ్యే రోజులు వస్తే చాలు, ఒంగోలు నుంచీ నెల్లూరు, కావలి నుంచీ అదే ప్రశ్న: "ప్రాసెసర్, ర్యామ్ సరే, తెర మెరిసేది (గ్లాసీ) తీసుకోవాలా, మెరవనిదా (మ్యాట్)?" పగటిపూట ఇంట్లో కూర్చుని చదువుకునేవారికి, పని చేసుకునేవారికి మ్యాట్ మేలని నా అభిప్రాయం. దానికి ఒక షరతు ఉంది, కింద చెబుతాను.

చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ చూసినవారికి ఈ తేడా ఇట్టే బోధపడుతుంది. పాలిష్ పట్టిన పలకలో నలుపు నిగనిగలాడుతుంది, బంగారు చుక్కలు తేలి కనిపిస్తాయి, చూస్తున్నవారి ముఖమూ కనిపిస్తుంది. పాలిష్ పట్టక ముందు అదే రాయి బూడిద రంగులో ఉంటుంది, ముఖం కనిపించదు. రాయి అదే, పైతలం మారిందంతే. గ్లాసీ తెర నున్నగా ఉంటుంది కనుక దాని మీద పడిన వెలుతురు చెదరకుండా తిరిగి వస్తుంది. మ్యాట్ తెర పైనున్న సన్నని గరుకు ఆ వెలుతురును నలువైపులా చెదరగొడుతుంది. లోపలి నుంచి వచ్చే వెలుతురునూ కొంత చెదరగొట్టక మానదు. అందుకే మ్యాట్‌లో అక్షరాల అంచులు పిసరంత మెత్తబడతాయి.

అసలు తేల్చేది మీరు కూర్చున్నప్పుడు వీపు వెనక ఏముందన్నదే. ఎండ నేరుగా పడే తెల్లగోడ వెలుగు 10,000 నిట్లు (కాంతిని కొలిచే ప్రమాణం) సులువుగా దాటుతుంది. ప్రత్యేక పూత లేని గాజు అందులో దాదాపు 4 శాతాన్ని తిప్పి పంపుతుంది, అంటే 400 నిట్లు. చౌక లాప్‌టాప్ తెర వెలుగు మొత్తం కలిపినా 250 నిట్లే. ఇక ఎదురింటి గోడే కనిపిస్తుంది తప్ప మీ పాఠం కనిపించదు. మన వైపు మే నెలలో వీధి తలుపు బార్లా తీసి, గాలి తగిలేచోట కూర్చోవడం మామూలే. కరెంటు పోతే వసారాలోకి రాక తప్పదు. అలాంటి ఇంట్లో గ్లాసీ తెర ముందు గంటసేపు కూర్చుంటే కళ్లు లాగేస్తాయి.

షరతు ఏమిటంటే, మ్యాట్ అయినా కనీసం 300 నిట్లు ఉండాలి. మ్యాట్ వెలుతురును మాయం చేయదు, పరుస్తుందంతే. ముత్తుకూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువు గట్టున లాప్‌టాప్ తెరిస్తే పైన ఆకాశం, పక్కన నీళ్లు, అన్ని వైపులా వెలుతురే. అక్కడ మ్యాట్ తెర మొత్తం పాలిపోతుంది. గట్టు మీద పని ఉన్నవారు పైతలం సంగతి తరువాత చూసుకుని, ముందు 500 నిట్ల తెర వెతుక్కోవాలి.

మ్యాట్‌లో రంగులు వెలవెలబోతాయన్న నింద సగం అన్యాయం. చౌక మ్యాట్ లాప్‌టాప్‌లలో బొమ్మను చూపే ప్యానెలే నాసిరకం. తెర ఎన్ని రంగులు చూపగలదో చెప్పే కొలతలు ఎన్‌టీఎస్‌సీ, ఎస్‌ఆర్‌జీబీ. వివరాల్లో 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని రాసి ఉంటే రంగులు పేలవంగానే ఉంటాయి, ఆ తప్పు గరుకుది కాదు. 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ ఉన్న మ్యాట్ తెరను ఒకసారి చూడండి, మాట మార్చుకుంటారు.

రాత్రిపూట దీపాలు తగ్గించి సినిమాలు చూసేవారికి మాత్రం గ్లాసీయే బాగుంటుంది. ఓఎల్ఈడీ (ప్రతి చుక్కా తనంతట తానే వెలిగే తెర) లాప్‌టాప్‌లు చాలావరకు గ్లాసీలోనే వస్తాయి, చీకటి గదిలో ఆ నలుపు ముచ్చటగా ఉంటుంది. టచ్ కావాలన్నా ఎక్కువగా గ్లాసీయే దొరుకుతుంది. నేను ఈ మధ్య 400 నిట్ల మ్యాట్ తీసుకున్నాను. కిటికీకి వీపు పెట్టి హాయిగా రాసుకుంటున్నాను.

గ్లాసీ మీద మ్యాట్ ఫిల్మ్ అంటించుకోవచ్చు, పని నడుస్తుంది. ఆపిల్ 2024 నుంచి మ్యాక్‌బుక్ ప్రోలో నానో టెక్స్‌చర్ అనే మ్యాట్ రకం ఇస్తోంది, దానికి అదనంగా చెల్లించాలి.

కొనేముందు దుకాణంలో తెర ఆపించి, అందులో పైనున్న ట్యూబ్‌లైటును చూడండి. దాని అంచులు గీత గీసినట్టు కనిపిస్తే గ్లాసీ, మసక మచ్చలా పరచుకుంటే మ్యాట్. తరువాత తెర వెలిగించి, గుమ్మానికి వీపు పెట్టి నిలబడండి. వాళ్లు ఆడించే రంగుల వీడియో ఆపించి, నల్లటి నేపథ్యం మీద తెల్ల అక్షరాలున్న పేజీ తెరిపించండి. అది చదవగలిగితే డబ్బు కట్టండి.