బెయిర్డ్ పద్ధతా, మార్కోనీ-ఈఎంఐ పద్ధతా: 1936 నాటి లండన్ పోటీలో ఏది మేలు?

కదిలే బొమ్మను అందరికంటే ముందు పంపి చూపించిన జాన్ లోగీ బెయిర్డ్ పద్ధతి ఎందుకు నిలవలేదని చదువరులు తరచుగా అడుగుతున్నారు. 1936 నవంబర్ 2న అలెగ్జాండ్రా ప్యాలెస్ నుంచి టెలివిజన్ ప్రసారాలు ప్రారంభించిన బీబీసీ, బెయిర్డ్ కంపెనీ 240 గీతల (బొమ్మను అడ్డంగా విడగొట్టి పంపే వరుసల) పద్ధతిని, మార్కోనీ-ఈఎంఐ కంపెనీ 405 గీతల పద్ధతిని వారం మార్చి వారం నడిపి చూసింది. ఆ పోటీని పరిశీలిస్తే సమాధానం దొరుకుతుంది.

గీతల సంఖ్యను బట్టి తీర్పు చెప్పేవారే ఎక్కువ. ప్రభుత్వ సంఘం కనీసం 240 గీతలు ఉంటే చాలన్నప్పుడు, ఈఎంఐ పరిశోధన బృందానికి నాయకుడైన ఐజాక్ షోన్‌బర్గ్ ఏకంగా 405 గీతలకు సిద్ధపడడం నిజంగా గొప్ప సాహసమే. అయినా నా దృష్టిలో అసలు తేడా గీతలలో లేదు, వెలుగును వాడుకునే తీరులో ఉంది.

240 గీతల బొమ్మలో డెబ్బై వేలకు పైగా చుక్కలుంటాయి. బెయిర్డ్ వాడిన యాంత్రిక పద్ధతిలో, అంటే తిరిగే చక్రంతో బొమ్మను చుక్క చుక్కగా చదివే పద్ధతిలో, ఒక్కో చుక్క నుంచి వచ్చే వెలుగు దాని వంతు వచ్చిన ఆ లిప్తపాటు మాత్రమే పనికివస్తుంది, మిగిలినదంతా వృథా. ఈఎంఐ వారి ఎమిట్రాన్ కెమెరాలో అలా కాదు. అభ్రకం పలక మీద పరచిన సూక్ష్మమైన వెండి రేణువులు, ఎలక్ట్రాన్ పుంజం మళ్లీ తమ దగ్గరకు వచ్చేదాకా పడిన వెలుగును, చూరు కింద పెట్టిన బిందె వాన నీటిని పట్టినట్టు, విద్యుదావేశంగా కూడబెడతాయి.

ఈ ఒక్క తేడా స్టూడియో స్వరూపాన్నే మార్చేసింది. బెయిర్డ్ చిన్న స్టూడియోలో మాట్లాడే మనిషి చీకటిలో కూర్చుంటే, వేగంగా కదిలే సన్నని కాంతి కిరణం ముఖాన్ని తడుముతూ పోయేది. పెద్ద కార్యక్రమమైతే ముందు ఫిల్ము మీద తీసి, అక్కడికక్కడే కడిగి, తడి ఆరకముందే ప్రసారం చేసేవారు. అందువల్ల బొమ్మ దాదాపు నిమిషం ఆలస్యంగా వెళ్లేది, కెమెరా ఉన్నచోటి నుంచి కదిలేది కాదు. సిద్ధంగా ఉన్న సినిమా ఫిల్మును ప్రసారం చేయడంలో మాత్రం బెయిర్డ్ యంత్రాలు బాగా పనిచేశాయని ఒప్పుకోవాలి.

అమెరికా ఆవిష్కర్త ఫిలో ఫార్న్స్‌వర్త్ 1927లోనే శాన్‌ఫ్రాన్సిస్కోలో పూర్తి ఎలక్ట్రానిక్ గొట్టంతో బొమ్మను పంపాడు. అయితే అందులోనూ వెలుగును కూడబెట్టే ఏర్పాటు లేదు. బెయిర్డ్ కంపెనీ ఆ కెమెరాను తెచ్చుకున్నా లోటు తీరలేదు.

1936 నవంబర్ 30న లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్ భవనం తగలబడి అక్కడున్న బెయిర్డ్ ప్రయోగశాలలు బూడిద కావడం బాధాకరమైన సంగతి. అయితే ఆ ప్రమాదం జరగకపోయినా ఫలితం మారేది కాదని నా నమ్మకం. 1937 ఫిబ్రవరికల్లా బీబీసీ ఆయన పద్ధతిని విరమించుకుంది. ఆ ఏడాది మే 12న ఆరో జార్జి పట్టాభిషేక ఊరేగింపును హైడ్ పార్క్ కార్నర్ దగ్గర ఎమిట్రాన్ కెమెరాలు ఆరుబయట, మబ్బు వెలుగులో, జరుగుతున్నది జరుగుతున్నట్టే చూపించాయి.