అల్మెండ్రోస్ పుస్తకం చదివాక నా లైట్లు సంచిలోనే ఉండిపోయాయి

పుస్తకం పేరు 'ఎ మ్యాన్ విత్ ఎ కెమెరా'. రాసింది నెస్తోర్ అల్మెండ్రోస్ అనే స్పెయిన్ కెమెరామన్. 1980లో ఫ్రెంచ్‌లో వచ్చింది, నేను కొన్నది 1984లో వచ్చిన ఇంగ్లీషు అనువాదం, సెకండ్ హ్యాండ్ కాపీ, పోస్టు ఖర్చుతో కలిపి 1,450 రూపాయలు పడింది. తిరుపతిలో పన్నెండేళ్ళుగా పెళ్ళి వీడియోలు తీస్తున్నాను, ఈ పనిలో ఇంత నేర్పిన పుస్తకం ఇంకొకటి నా చేతికి రాలేదు, అందుకే కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను. పంపినవాళ్ళ మీద మాత్రం కోపం ఉంది. మూడు వారాలు పట్టింది, పైన ఒక పల్చటి కవరు తప్ప ఏమీ చుట్టలేదు, వానకు తడిసి చివరి పేజీలు అతుక్కుపోయాయి, ఫ్యాను కింద పెట్టి ఒక్కొక్కటీ విడదీసుకున్నాను.

అల్మెండ్రోస్ 1930లో బార్సిలోనాలో పుట్టాడు. అంతర్యుద్ధంలో సైనిక నియంత ఫ్రాంకో గెలిచాక అతనికి ఎదురు నిలిచిన వాళ్ళకు స్పెయిన్‌లో చోటు లేకుండా పోయింది, ఈయన తండ్రి క్యూబా వెళ్ళిపోయాడు, 1948లో ఈయనా అక్కడికే చేరాడు. తర్వాత రోమ్‌లోని సినిమా స్కూల్లో చదివాడు, న్యూయార్క్‌లో ఉన్నాడు, 1959 విప్లవం తర్వాత క్యూబాకు తిరిగొచ్చి డాక్యుమెంటరీలు తీశాడు, అక్కడి ప్రభుత్వం ఆయన సొంతంగా తీసిన చిన్న చిత్రాలను నిషేధిస్తే మళ్ళీ మూట సర్దుకుని పారిస్ చేరాడు. ముప్పై దాటిన మనిషి, చేతిలో పని లేదు. అక్కడ ఎరిక్ రోమేర్ అనే ఫ్రెంచ్ దర్శకుడి షూటింగ్ చూడ్డానికి వెళ్ళి నిలబడి ఉంటే ఆ రోజు కెమెరామన్ మధ్యలో వెళ్ళిపోయాడట, ఈయన ముందుకొచ్చి నేను కెమెరామన్‌నే అన్నాడు. అంతే, అక్కడ మొదలైంది. రోమేర్‌తో 'మై నైట్ ఎట్ మాడ్స్', 'క్లేర్స్ నీ', ఇంకో ఫ్రెంచ్ దర్శకుడు త్రూఫోతో ఏకంగా తొమ్మిది సినిమాలు. ఇన్ని దేశాలు తిరిగిన మనిషికి తనకంటూ ఏ దేశం మిగిలిందా అని చదువుతున్నంతసేపూ అనిపిస్తూనే ఉంది, ఆయన మాత్రం ఆ బాధ గురించి పెద్దగా చెప్పుకోడు, నేరుగా పనిలోకి వెళ్ళిపోతాడు.

ఆ పనే ఈ పుస్తకం. సినిమా తర్వాత సినిమా తీసుకుని, ఏ గదిలో కిటికీ ఎటు ఉంది, లైటు ఎక్కడ పెట్టాను, ఎందుకు పెట్టాను, ఏది పెట్టకుండా వదిలేశాను అని చెప్పుకుంటూ పోతాడు. మనలాగా చేత్తో పని చేసే వాడికి ఇదే కావాలి. ఆయన పట్టుకున్న సూత్రం ఒక్కటే: ఈ గదిలో నిజంగా వెలుతురు ఎక్కణ్ణుంచి వస్తుందో అక్కణ్ణుంచే రావాలి. పగలైతే కిటికీ, రాత్రయితే దీపం. క్యూబా పల్లెల్లో కరెంటు లేని ఇళ్ళలో తీసేటప్పుడు బయట ఎండలో అద్దం పెట్టి, ఆ ఎండను లోపలికి తిప్పి, పైకప్పు మీద పడేలా చేసేవాడు. పైకప్పు నుంచి మెత్తటి వెలుతురు గదంతా దిగుతుంది. లైట్లు కొనే డబ్బు లేనప్పుడు పట్టుకున్న ఉపాయమే తర్వాత రోమేర్ సినిమాలకూ పనికొచ్చింది.

నేను దీన్ని చేసి చూశాను. మొన్న చంద్రగిరి దగ్గర ఒక ఊళ్ళో పెళ్ళికూతుర్ని చేసే కార్యం, పాతకాలం మిద్దె, సున్నం కొట్టిన పైకప్పు, గదికి ఒకటే కిటికీ. మామూలుగా అయితే రెండు ఎల్ఈడీ ప్యానెళ్ళు, ఒక గొడుగు పెట్టి మొహం మీద వెలుతురు కొట్టేసేవాణ్ణి. ఈసారి ట్యూబులైటు కూడా ఆర్పేసి అమ్మాయిని కిటికీకి ఓరగా పీట మీద కూర్చోబెట్టమన్నాను, అవతలి వైపు కొయ్యకుర్చీ మీద తెల్ల పంచె ఆరేశాను, మా కుర్రాడు గోడకున్న అద్దం తీసుకెళ్ళి వాకిట్లో ఎండకు పట్టుకుని పైకప్పు మీదికి కొట్టాడు. వాళ్ళ అవ్వకు నచ్చలేదు. "ఏంది నాయనా, ఉండే లైటు ఆర్పేస్తివి, బిడ్డ మొగం నల్లంగా పడదా?" అనింది. కెమెరా వెనక తెర మీద చూపించాను. పసుపు పూసిన చెంప కిటికీ వైపు మెరుస్తా ఉంది, రెండో చెంప నీడలోకి మెల్లగా దిగింది, ముక్కుపుడక రాయి మీద ఒకే ఒక చుక్క వెలుతురు. అవ్వ కళ్ళద్దాలు సరిచేసుకుని చాలాసేపు చూసి, "మా యమ్మ మాదిరి ఉండాది" అనింది. ఎల్ఈడీలు పెట్టి తీసినప్పుడు ఇన్నేళ్ళలో నాతో ఎవరూ ఆ మాట అనలేదు.

పుస్తకంలో నేను మూడుసార్లు చదివిన భాగం 'డేస్ ఆఫ్ హెవెన్' అనే సినిమా గురించి. త్రూఫో కోసం ఈయన తీసిన 'ది వైల్డ్ చైల్డ్' చూసి దాని దర్శకుడు, అమెరికా వాడైన టెరెన్స్ మాలిక్ ఈ సినిమాకు పిలిచాడు. కథ టెక్సాస్‌లో జరుగుతుంది, తీసింది మాత్రం కెనడాలోని ఆల్బెర్టా గోధుమ చేలల్లో, 1976లో. అక్కడి లైట్‌మెన్ పెద్ద పెద్ద లైట్లు వెలిగించి రెడీగా ఉంచితే ఈయన వచ్చి ఒక్కొక్కటే ఆర్పించేవాడు, వాళ్ళకు ఒళ్ళు మండేది. సినిమాలో చాలా భాగం పొద్దు కుంగిన తర్వాత, చీకటి పడేలోపు తీశారు. ఇంగ్లీషులో దాన్ని మ్యాజిక్ అవర్ అంటారు, అది గంట కాదు, మహా అయితే ఇరవై ఐదు నిమిషాలు అంటాడు అల్మెండ్రోస్. మనం గోధూళి వేళ అంటాం. పొద్దు కనపడదు, వెలుతురు మాత్రం ఉంటుంది, ఎక్కణ్ణుంచి వస్తుందో తెలీదు, మనుషులకు నీడ ఉండదు. రోజంతా ఎదురుచూసి, రిహార్సల్ చేసుకుని, ఆ కాసేపట్లో పరుగులు పెట్టి తీసేవాళ్ళు. ఆనాటి ఫిల్ముకు వెలుతురు పట్టే శక్తి ఇప్పటి మన కెమెరాలతో పోలిస్తే చాలా తక్కువ, అయినా చివరి చుక్క దాకా లాగాడు.

రాత్రి చేలో మనుషులు లాంతర్లు పట్టుకుని తిరిగే సీను ఉంది. లాంతర్లో చిన్న బల్బు పెట్టి, వైరు చొక్కా లోపలి నుంచి తీసి, నడుముకు కట్టిన బ్యాటరీకి కలిపారు. అందుకే లాంతరు కదిలితే మొహం మీద వెలుతురు కూడా దానితోనే కదులుతుంది. మంటల సీన్లలో అయితే లైటు ముందు ఏదో ఆడించి మంటలా నమ్మించడం ఆయనకు ఇష్టం లేదు, గ్యాసు బర్నర్లు పెట్టి నిజం మంట వెలుతురే మొహాల మీద పడనిచ్చాడు. చిత్తూరు వైపు బెల్లం గానుగ దగ్గర రాత్రిపూట నిలబడిన వాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది, చెరుకు పిప్పి ఎగదోసినప్పుడల్లా పొయ్యి ముందు మనిషి మొహం ఎర్రగా పొంగి మళ్ళీ తగ్గుతుంది, దాన్ని ఏ ఎల్ఈడీతోనూ తేలేం.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. అందులో మిడతల దండు లేచే సీను ఉంది. హెలికాప్టర్ల నుంచి చెనక్కాయ పొట్టు కిందికి వదిలారు, నటుల్ని వెనక్కి నడిపించారు, కెమెరాలో ఫిల్మును తిరగేసి నడిపారు. తెర మీద మనుషులు మామూలుగా ముందుకు నడుస్తుంటారు, మిడతలు చేలోంచి పైకి లేస్తుంటాయి. మా నాయన ఇరవై ఏళ్ళు చెనక్కాయ పండించాడు, ఆయనకు ఫోన్లో ఈ సీను చూపించి తర్వాత సంగతి చెప్తే మళ్ళీ మళ్ళీ పెట్టించుకుని చూశాడు.

ఈ సినిమాకే ఈయనకు 1979లో ఆస్కార్ వచ్చింది. అయితే షూటింగ్ ఆలస్యమయ్యి, త్రూఫోకు ముందే మాట ఇచ్చి ఉండడంతో ఈయన మధ్యలో వెళ్ళాల్సొచ్చింది, మిగతాది హాస్కెల్ వెక్స్‌లర్ తీశాడు. తెర మీద ఆయనకు అదనపు ఫొటోగ్రఫీ అని మాత్రమే వేశారు, సగానికి పైగా తనదేనని వెక్స్‌లర్ తర్వాత బాధపడ్డాడు. నాకైతే ఇద్దరి షాట్లూ విడదీయడం చేతకాలేదు. ఒకరి లెక్కను ఇంకొకరు అంత గౌరవంగా కొనసాగించడం మా పనిలో ఎంత అరుదో నాకు తెలుసు కాబట్టి వెక్స్‌లర్ పేరు ఇంకొంచెం పెద్దగా పడి ఉండాల్సిందనే అనుకుంటాను.

లోపాలు ఉన్నాయి. ఆ సినిమాలు చూడకుండా చదివితే సగం ఎక్కదు, పక్కన సినిమా పెట్టుకుని ఆపుకుంటూ చదవాలి. ఫిల్ము, ల్యాబు గురించిన మాటలు ఇప్పటి పిల్లలకు కొత్త. తెల్లవారుజామున మూడు గంటల ముహూర్తానికి కిటికీలు లేని ఏసీ కళ్యాణ మండపంలో ఏం చెయ్యాలో ఇందులో దొరకదు. ఇంకా పెద్ద వెలితి, ఆయన చివరి ఏళ్ళు ఇందులో లేకపోవడం. క్యూబాలో స్వలింగ సంపర్కుల్ని, రచయితల్ని ఎలా వేధించారో చెబుతూ 1984లో తనే ఒక డాక్యుమెంటరీకి సహ దర్శకత్వం వహించాడు, తనూ ఆ బాధితుల్లాంటి వాడే. 1992లో న్యూయార్క్‌లో ఎయిడ్స్ వల్ల వచ్చిన క్యాన్సర్‌తో పోయాడు, అప్పటికి 61 ఏళ్ళు. ఆ సంగతులు వేరేచోట వెతుక్కుని చదివాక మళ్ళీ మొదటి పేజీలకు వస్తే అవి ఇంకోలా కనిపించాయి.

నా రేటింగ్ ఐదుకు నాలుగున్నర. కొనేవాళ్ళు అమ్మేవాళ్ళతో ముందే మాట్లాడి, గట్టిగా ప్యాక్ చేయమని అడగండి. వచ్చే నెల కాణిపాకం దగ్గర ఒక పెళ్ళి ఉంది, గోధూళి లగ్నం. పెళ్ళికొడుకు నాయనతో రెండు రోజులు మాట్లాడి, జీలకర్ర బెల్లం పెట్టే ఆ ఇరవై నిమిషాలు పందిట్లో లైట్లు వెయ్యకుండా ఉండడానికి ఒప్పించాను.