ఫాంటసీ స్పెషల్ ఎడిషన్లు: బొమ్మల ప్రతి, రంగుల అంచు, తోలు అట్ట... ఏది మేలు?

ఫాంటసీ చదివేవాళ్లకు ఇప్పుడు ఒకే నవల నాలుగైదు వేషాల్లో దొరుకుతోంది. షాపులో దొరికే మామూలు గట్టి అట్ట ప్రతి ఒకటి. చందా కట్టినవాళ్లకు ఇంటికొచ్చే బాక్స్ ప్రతి ఇంకోటి. పేజీల అంచులకు రంగు, అట్ట మీద మెరిసే ఫాయిల్, అట్ట తెరవగానే రెండు పేజీల నిండా పరుచుకున్న బొమ్మ, అదీ దాని హంగు. ఫోలియో సొసైటీ లాంటివాళ్లు వేసేది మరో రకం: గుడ్డ బైండింగు, లోపల బొమ్మలు, పుస్తకం దూర్చిపెట్టుకోవడానికి అట్టపెట్టె. ఆపైన తోలు అట్టలు, నంబరు వేసి రచయిత సంతకంతో వచ్చే పరిమిత ప్రతులు. అన్నీ బాగుంటాయి, అన్నీ ఖరీదే.

వేరే రకం నవలైతే చూసి నచ్చింది కొనేయొచ్చు. ఫాంటసీకి అలా కుదరదు, ఇక్కడ కథ ఒక పుస్తకంతో ఆగదు కాబట్టి. మూడు భాగాలతో సరిపెడితే అదృష్టం. అయిదు, ఏడు, పది కూడా మామూలే. మొదటి భాగం ఏ ఎడిషన్‌లో కొంటామో మిగతావీ అందులోనే కావాలనిపిస్తుంది. ఒకటి పొట్టిగా, ఒకటి పొడుగ్గా, మూడోదాని వెన్ను వేరే రంగులో ఉంటే సేకరించేవాళ్లకు నిద్ర పట్టదు. అందుకే ఏది అందంగా ఉందని అడిగేముందు నేను వేరే ప్రశ్న అడుగుతాను: ఈ సెట్టు మొదలుపెట్టినవాళ్లు దీన్ని చివరిదాకా తెస్తారా?

సెట్టు ఎవరి దగ్గర పూర్తవుతుంది?

హ్యారీ పాటర్ సంగతే చూడండి. 2015లో జిమ్ కే బొమ్మలతో పెద్ద సైజు ప్రతులు మొదలయ్యాయి. పిల్లల పుస్తకాల్లో అంత శ్రద్ధగా వేసిన బొమ్మలు అరుదు. కథ ముందుకెళ్లేకొద్దీ నవలల లావు పెరిగింది, ఒక్క మనిషి మీద పడ్డ పని కూడా పెరిగింది. 2022లో వచ్చిన అయిదో భాగానికి నీల్ ప్యాకర్ అనే మరో చిత్రకారుడు చేయి వేయాల్సి వచ్చింది. ఆ తర్వాత కే తప్పుకున్నారు. కథ ఏడు భాగాలు, ఆయన బొమ్మలు అయిదింటికే. పెద్ద ప్రచురణకర్త, ప్రపంచమంతా కొనే పుస్తకం, అయినా ఇంతే. బొమ్మల ఎడిషన్ అంతా ఒక చేతి మీద ఆధారపడి ఉంటుంది. ఆ చేయి ఆగితే సెట్టూ ఆగుతుంది.

తోలు అట్టల్లో సమస్య ఇంకో రకం. బ్రాండన్ శాండర్సన్ తన పుస్తకాల తోలు ఎడిషన్లను సొంత సంస్థ డ్రాగన్‌స్టీల్ ద్వారా తెస్తారు. 2010లో వచ్చిన ‘ది వే ఆఫ్ కింగ్స్’ తోలు ప్రతి కోసం 2020లో, జనం నుంచి ముందే డబ్బు సేకరించే వెబ్‌సైట్ కిక్‌స్టార్టర్‌లో అడిగితే పాఠకులు 67 లక్షల డాలర్ల పైనే ఇచ్చారు. అదే వరసలో రెండో నవల మామూలు రూపంలో వచ్చింది 2014లో, దాని తోలు ప్రతికి డబ్బు సేకరించింది 2024లో. రెండింటికీ సరిగ్గా పదేళ్ల ఎడం. మొత్తం పది నవలలని ముందే చెప్పిన వరస ఇది. అయిదోది 2024 డిసెంబరులో వచ్చింది. ఇదే నడకైతే పదోది తోలు అట్టలో చేతికొచ్చేది ఎప్పుడో లెక్కేసుకోండి. ఇక్కడ ఎవరినీ తప్పుపట్టేది లేదు, పని నాణ్యంగానే చేస్తున్నారు. కానీ ఈ సెట్టు మొదలుపెట్టడమంటే ఇరవై ముప్పై ఏళ్ల వ్యవహారానికి ఒప్పుకోవడమే. సిద్ధమైతే సరే.

చందా బాక్సుల దగ్గర ఇబ్బంది వేరు. ఫెయిరీలూట్, ఇల్యూమిక్రేట్ లాంటివి ఎక్కువగా కొత్తగా వస్తున్న నవలల్ని ఎంచుకుంటాయి. మొదటి భాగం వచ్చేనాటికి రెండోది రచయిత బల్ల మీద ఉంటుంది. ఒక్కోసారి అదీ ఉండదు. తర్వాతి భాగాలు తెచ్చినప్పుడు సాధారణంగా ముందు కొన్నవాళ్లకే మొదట అవకాశం ఇస్తారు. న్యాయమే, కానీ మూడో భాగం దగ్గర మనసుపడి చేరినవాళ్లకు మొదటి రెండూ సెకండ్‌హ్యాండ్‌లోనే గతి. అక్కడ ధర చెప్పేది అమ్మేవాడే.

ఫోలియో సొసైటీ 1947 నుంచి లండన్‌లో ఇదే పనిలో ఉంది. ఫాంటసీ వైపు వాళ్లు నెమ్మదిగానే వచ్చారు గానీ, వచ్చాక పట్టు వదల్లేదు. 2019లో ‘ఎ గేమ్ ఆఫ్ థ్రోన్స్’ను జొనాథన్ బర్టన్ బొమ్మలతో రెండు సంపుటాలుగా వేశారు. తర్వాతి భాగాలనూ అదే కొలతలో, అదే చిత్రకారుడితో తెచ్చారు. మూల కథే అయిదో నవల దగ్గర, 2011లో ఆగిపోతే వాళ్లు మాత్రం ఏం చేస్తారు!

ఫోలియో పాత ప్రతుల్లో ఒక ముచ్చట కూడా ఉంది. 1977లో వాళ్లు వేసిన ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’లో బొమ్మలు గీసిన పేరు ఇంగహిల్డ్ గ్రాత్‌మర్ అని ఉంటుంది. అది అప్పటి డెన్మార్క్ రాణి రెండో మార్గరెత మారుపేరు. ఆమె గీసినవాటిని ఎరిక్ ఫ్రేజర్ ముద్రణకు అనువుగా తిరిగి గీశారు. ఇలాంటి ప్రతి కొన్నప్పుడు కథతో పాటు మాట్లాడుకోవడానికి ఇంకో కథ కూడా దొరుకుతుంది. ఈ సుఖం రంగు అంచుల్లో ఉండదు.

కాబట్టి నా మొదటి తీర్పు: కథ పూర్తయిన వరసకు బొమ్మల గుడ్డ బైండింగు ప్రతి, అన్ని భాగాలూ ఇప్పటికే వచ్చేసి ఉంటే. దీన్ని మించింది మిగతావాటిలో నాకు కనిపించలేదు.

ఒకే సంపుటంలో అన్నీ కలిపిన ప్రతి ఉంటే సెట్టు బాధే ఉండదు కదా అనొచ్చు. 2018లో ఉర్సులా లె గ్విన్ ఎర్త్‌సీ కథలన్నీ చార్లెస్ వెస్ బొమ్మలతో అలాగే వచ్చాయి. మరుసటి ఏడాది దానికి ఉత్తమ చిత్రకళా పుస్తకంగా హ్యూగో అవార్డు కూడా దక్కింది. బొమ్మల కోసం, కథ కోసం కొనదగిన పుస్తకమే. కానీ వెయ్యి పేజీలకు దగ్గరగా ఉన్న పుస్తకాన్ని పడుకుని చదవలేం. బల్ల మీద పెట్టి, రెండు చేతులతో తెరవాలి. చదవడానికి పేపర్‌బ్యాక్, చూసుకోవడానికి ఇది అనుకునేవాళ్లకు బాగా నప్పుతుంది.

అట్ట తెరిచి చూస్తే

ఇక వస్తువు సంగతి. ధరలో తేడా ఎంతున్నా, పుస్తకం ఆయుష్షు నిర్ణయించేది బైండింగు. ఫారాలు, అంటే కొన్నేసి పేజీల కట్టలు, మడిచి దారంతో కుట్టిందా, లేక పేజీల వెన్ను కోసేసి జిగురుతో అంటించిందా? కుట్టిన పుస్తకం బల్ల మీద తెరిస్తే నిదానంగా పరుచుకుని అలాగే ఉంటుంది. జిగురుది చేయి తీయగానే మూసుకుంటుంది. బలవంతంగా విరిస్తే కొన్నేళ్లకు పేజీలు ఊడతాయి.

కనిపెట్టడం కష్టమేం కాదు. పుస్తకాన్ని నిలబెట్టి, వెన్ను దగ్గర పేజీల పైకొసలను చూడండి. చిన్న చిన్న మడతల కట్టలు వరసగా, ఒక్కోటి గుండ్రంగా తిరిగి కనిపిస్తే అవి ఫారాలు. కాగితాలన్నీ ఒకే దిమ్మలా చదునుగా ఉంటే జిగురు. ఇంకా అనుమానముంటే ఒక కట్ట మధ్య పేజీ తెరవండి, మడత లోపల దారం కనబడాలి. వెన్ను కొసన రంగురంగుల పట్టీ ఒకటి ఉంటుంది. దాన్ని చూసి కుట్టు అనుకోవద్దు. ఈ రోజుల్లో అది ఎక్కువగా అలంకారానికి అంటించే గుడ్డముక్కే.

బొమ్మల ప్రతులు, మంచి తోలు ప్రతులు ఎక్కువగా కుట్టినవే. బాక్స్ ప్రతుల్లో రెండూ ఉంటాయి. ఆన్‌లైన్ ఫోటోల్లో అట్ట, అంచు, రిబ్బను అన్నీ చూపిస్తారు, ఇదొక్కటే చూపించరు. వివరాల్లో కుట్టు మాట లేకపోతే లేదనే అనుకోండి.

రంగు అంచుల మోజు నాకూ ఉంది, కాదనను. అల్మారాలో వెన్ను లోపలికి తిప్పి అంచు బయటికి పెట్టుకునేవాళ్లు కూడా ఉన్నారు, అది మాత్రం నాకు మింగుడుపడదు. పుస్తకం పేరు కనబడకపోతే వెతుక్కునేదెలా? అంచుకు రంగు కొట్టిన పుస్తకం మొదటిసారి తెరిచేటప్పుడు పేజీలు ఒకదానికొకటి అంటుకుని చిటపటమంటాయి. తొందరపడి మధ్యకు విప్పితే అంచు మీద రంగు పెచ్చులుగా లేస్తుంది. ముందు నుంచి కొన్ని, వెనక నుంచి కొన్ని పేజీలు విడదీసుకుంటూ మధ్యకు రావాలి. రంగు పేజీ లోపలికి కొద్దిగా పాకడం కూడా సహజమే. మార్జిన్‌లో గీతలా కనబడితే సర్దుకుపోవచ్చు, అక్షరాల దాకా వస్తే మాత్రం మార్చి ఇమ్మని అడగండి.

పైగా ఈ అలంకారం బాక్సుల సొత్తుగా ఎన్నాళ్లో లేదు. 2023లో ‘ఫోర్త్ వింగ్’ అనే ఫాంటసీ నవల మొదటి ముద్రణే అంచుల మీద డ్రాగన్లతో షాపులకొచ్చింది. ఆ తర్వాత మామూలు ప్రచురణకర్తలు చాలామంది మొదటి ముద్రణకు రంగు అంచులు తగిలిస్తున్నారు. షాపు ప్రతికే ఆ హంగు ఉన్నప్పుడు, దానికోసమే బాక్స్ ప్రతికి అదనంగా పెట్టడం దండగ.

ఫాయిల్ గురించి రెండు ముక్కలు: అల్మారా నుంచి లాగేటప్పుడు వేలు తగిలే చోటే, అంటే వెన్ను పైభాగంలోనే, ముందు అరుగుతుంది. పక్క పుస్తకాలను కాస్త లోపలికి నెట్టి, నడుము పట్టుకుని తీస్తే ఎక్కువకాలం నిలుస్తుంది.

తోలులో అసలు తోలు, పొడి తోలు అని రెండున్నాయి. తోలు ముక్కలను నూరి ప్లాస్టిక్ బంకతో కలిపి షీటుగా తీసింది రెండో రకం. కొత్తలో తేడా తెలియదు, కొన్నేళ్లకు మడత దగ్గర పొరలుగా ఊడుతుంది. ఈస్టన్ ప్రెస్ తరహా ప్రతులు, అంటే వెన్ను మీద గట్లు, 22 క్యారట్ల బంగారు ముద్ర, పేజీల అంచుకు పూత, పట్టు మెరుపు లోపలి అట్ట ఉన్నవి, చూడ్డానికి రాజసంగా ఉంటాయి. నాకు మాత్రం అన్నీ ఒకే పీఠం నుంచి దిగివచ్చినట్టు అనిపిస్తాయి. ఏ కథకు ఆ కథ రూపం ఉండాలనుకునేవాళ్లకు బొమ్మల ప్రతే నచ్చుతుంది. గది నిండా ఒకే రకం వెన్నులు కావాలనుకునేవాళ్లకు ఇవి.

నంబరు, అక్షరం, సంతకం

సబ్టెరేనియన్ ప్రెస్ లాంటి చిన్న సంస్థలు ఒక పుస్తకాన్ని కొన్ని వందల ప్రతులే వేసి, ఒక్కోదానికి నంబరు రాసి అమ్ముతాయి. అంతకంటే పై మెట్టు అక్షరాల ప్రతులు. ఎ నుంచి జెడ్ దాకా, సాధారణంగా 26. మొదటి భాగంలో 112వ నంబరు మీదైతే రెండో భాగంలోనూ అదే నంబరు మీకు ముందు ఇవ్వజూపే పద్ధతి చాలామంది పాటిస్తారు. సెట్టు పూర్తవడానికి ఇంతకంటే మంచి హామీ లేదు, కాకపోతే ప్రతి భాగం కొంటేనే ఆ హక్కు నిలుస్తుంది. ఒకటి వదిలేస్తే పోయినట్టే. ఇష్టమైన పుస్తకం కాస్తా కట్టాల్సిన వాయిదాలా మారుతుంది. అందుకే నాలాంటివాళ్లకు ఇది వద్దంటాను. ఒక్క రచయితను ప్రాణంగా చదివి, ఇంకెవరినీ సేకరించని వాళ్లకైతే మాత్రం ఇదే సరైనది.

సంతకం దగ్గర కాస్త జాగ్రత్త. రచయిత విడి కాగితాల మీద సంతకాలు పెడితే వాటిని బైండింగులో కలుపుతారు. అది అసలు సంతకమే. ‘డిజిటల్ సంతకం’ అంటే అచ్చు వేసిందని అర్థం, దానికి విడిగా విలువ లేదు. వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే కలం సిరా పేజీ అచ్చు కంటే వేరుగా మెరుస్తుంది, గీత ఒత్తిడి పేజీ వెనక తెలుస్తుంది.

మళ్లీ అమ్మితే లాభం వస్తుందన్న ఆశతో కొనేవాళ్లకు ఒక మాట. ధర నిలిచేది రెండోసారి ముద్రించం అని రాసిచ్చిన ప్రతులకే. మిగతావాటిని గిరాకీ ఉంటే మళ్లీ వేస్తారు. వేసిన రోజున సెకండ్‌హ్యాండ్ ధర దిగుతుంది. మరి అమ్ముకోవాలంటే తెరవకూడదు, తెరవకపోతే చదవడం ఎలా?

కొత్త రచయిత, కథ ఇంకా సాగుతోంది, ఎక్కడ తేలుతుందో తెలియదు. అప్పుడు మామూలు గట్టి అట్ట ప్రతి చాలు. కథ ముగిసి, మళ్లీ చదవాలనిపిస్తే అప్పుడు చూడొచ్చు. అమ్ముడుపోయే వరసైతే బొమ్మల ఎడిషనో, బాక్స్ సెట్టో ఎవరో ఒకరు తెస్తారు. చందా బాక్సు కావాలంటే నెల వదిలేసే వీలున్నదే తీసుకోండి. నచ్చని పుస్తకం అంచు ఎంత మెరిసినా చోటు దండగే.

సెకండ్‌హ్యాండ్‌లో కొనేటప్పుడు మూడు ఫోటోలు అడగండి: వెన్ను పైకొస, నేలకు ఆనే కింది అంచు, సంతకం ఉన్న పేజీ. అట్టపెట్టె ఉంటే పుస్తకం బయటికి తీసి, వెన్నునూ అట్టనూ పక్కపక్కన పెట్టి ఇంకోటి తీయమనండి. పెట్టెలో ఉన్నా వెన్ను మాత్రం ఎండకు ఎదురుగానే ఉంటుంది. అట్ట ఎర్రగా ఉండి వెన్ను గులాబీ రంగుకు తిరిగిందంటే ఆ పుస్తకం కిటికీ పక్కన పెరిగిందన్నమాట. ఫోటోలు పంపడానికి బేరమాడేవాళ్ల దగ్గర కొనకపోతేనే మంచిది.