అందరికీ దారిచ్చే కారు: లగూనా సెకా ట్రాక్ మీద నా మియాటాతో ఐదేళ్లు

నాన్న అమెరికా వచ్చినప్పుడు ఒక శనివారం ఆయన్ని కూడా లగూనా సెకా రేస్ ట్రాక్‌కి తీసుకెళ్లాను. కంచె పక్కన మడత కుర్చీ వేసుకుని ఇరవై నిమిషాలు కదలకుండా చూశారు. నేను కారు దిగి హెల్మెట్ తీయగానే, "ఏరా, అందరూ నిన్ను దాటిపోతున్నారు. పైగా నువ్వే చెయ్యి చూపించి పొమ్మంటున్నావు. దీనికా ఇంత డబ్బు కట్టావు?" అన్నారు.

ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. ఐదేళ్లలో 31 రోజులు ట్రాక్ మీద తిప్పాక ఈ కారు గురించి నేను చెప్పేది కూడా దాదాపు అదే. ఇది దారిచ్చే కారు. మొదట్లో అది నామోషీగా అనిపించేది. ఇప్పుడు ఎవరైనా సలహా అడిగితే ఇదే కొనుక్కోమని చెప్పడానికి కారణం కూడా అదే.

కారు సంగతి చెప్పేస్తాను. మాజ్దా ఎంఎక్స్-5, ఇక్కడ అందరూ మియాటా అంటారు. 2019 మోడల్, క్లబ్ వెర్షన్, ఆరు గేర్ల మాన్యువల్. రెండు సీట్లు, గుడ్డ టాపు. 2 లీటర్ల ఇంజను, టర్బో లేదు, 181 హార్స్‌పవర్, 7,500 ఆర్‌పీఎం దాకా తిరుగుతుంది. బరువు సుమారు 1,060 కిలోలు. ముందు బ్రెంబో బ్రేకులు, వెనక లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్, అంటే మలుపులో ఒక చక్రం ఊరికే తిరిగిపోకుండా రెండింటికీ శక్తి పంచే ఏర్పాటు. నంబర్ ప్లేటు ఉన్న మామూలు కారే. వారానికి రెండు రోజులు ఆఫీసుకి, ఆదివారం కూరగాయలకి ఇదే. డిక్కీ 130 లీటర్లు, అంటే బియ్యం బస్తా పెడితే ఇంక సొరకాయకి చోటుండదు.

నేను కాలిఫోర్నియాలో శాన్ హోసేలో ఉంటాను. లగూనా సెకా ఇక్కడి నుంచి గంటన్నర. తెల్లవారుజామున ఐదింటికి 101 హైవే ఎక్కితే గిల్‌రాయ్ దగ్గర వెల్లుల్లి వాసన, సలీనాస్ దగ్గర లెట్యూస్ పొలాలు, ఆ తర్వాత మాంటెరే కొండల మీద పొగమంచు. చాలాసార్లు ఆ మంచు విడిచేదాకా ట్రాక్ తెరవరు. అందరం పార్కింగులో కాఫీ తాగుతూ ఆకాశం కేసి చూస్తుంటాం. నేనైతే పులిహోర డబ్బా తెరుస్తాను.

ట్రాక్ డే అంటే రేసు కాదు. ఈ మాట ఇంట్లో పది సార్లు చెప్పాను. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ అనే ఎలక్ట్రిక్ కార్ల రేసు జరిగినప్పుడు మా బావమరిది ఫోన్ చేసి "బావా, నువ్వు వెళ్లేది ఇలాంటిదానికేనా" అన్నాడు. కాదు. ఇక్కడ గెలుపోటములు లేవు, బహుమతి లేదు. కొత్తవాళ్లు, కాస్త తెలిసినవాళ్లు, బాగా తెలిసినవాళ్లు అని గుంపులు చేస్తారు. ఒక్కో గుంపుకి ఇరవై నిమిషాల చొప్పున రోజుకి నాలుగైదు సార్లు వంతు వస్తుంది. కొత్తవాళ్ల పక్క సీట్లో ఇన్‌స్ట్రక్టర్ కూర్చుంటాడు. ఒక కారు ఇంకో కారుని దాటాలంటే ముందున్నవాడు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, ఏ పక్క నుంచి వెళ్లాలో వేలితో చూపించాలి. చూపించకపోతే వెనకవాడు ఎంత పెద్ద కారువాడైనా ఆగాల్సిందే.

181 హార్స్‌పవర్‌తో తిన్నని రోడ్డు మీద నన్ను దాటని కారంటూ ఉండదు. మొదటి ఏడాది నా ఎడమ చెయ్యి స్టీరింగ్ మీద కంటే బయటే ఎక్కువ ఉండేది. కానీ అవే కార్లు మలుపు వచ్చేసరికి మళ్లీ నా ముందు తేలేవి. నాలుగు వందల హార్స్‌పవర్ కారువాడు తప్పుగా తిరిగినా, బయటికి రాగానే ఒక్క తొక్కుడుతో ఆ తప్పు కప్పేసుకుంటాడు. నాకు ఆ సదుపాయం లేదు. మలుపులో ఐదు మైళ్ల వేగం పోగొట్టుకుంటే తర్వాతి మలుపు దాకా అది తిరిగి రాదు. చేసిన తప్పుని అంతసేపు తీరిగ్గా చూసుకోవాల్సి వస్తుంది. నాకు డ్రైవింగ్ నేర్పింది ఆ తీరికే.

ఇక కార్క్‌స్క్రూ. 1957లో మొదలైన ఈ ట్రాక్‌లో మొత్తం 11 మలుపులు, పొడవు 3.6 కిలోమీటర్లు. జనం డబ్బు కట్టేది మాత్రం ఈ ఒక్క చోటు కోసం. ఆరో మలుపు దాటాక రోడ్డు కొండెక్కుతుంది. యాక్సిలరేటర్ నేలకి నొక్కిపెట్టినా మియాటా అక్కడ ఆయాసపడుతుంది, మంది దాటిపోయేదీ అక్కడే. పైకి చేరి బ్రేకు వేసే చోట ముందు రోడ్డు కనపడదు. ఆకాశం, చెట్ల తలలు, అంతే. ఎడమకి తిప్పేసరికి నేల కాళ్ల కింద నుంచి జారిపోతుంది, ఊపిరి తీసుకునేలోపు కుడికి తిప్పాలి. ఆ రెండు మలుపుల మధ్య దిగుడు 18 మీటర్లు. ఐదంతస్తుల మేడ ఎత్తు.

మొదటిసారి అక్కడ నా కడుపులో పులిహోర పైకొచ్చింది. పక్కనున్న ఇన్‌స్ట్రక్టర్ పెద్దాయన ఒకటే చెప్పాడు: బ్రేకు పని, గేరు పని పైన ఉండగానే ముగించు, దిగేటప్పుడు చేతికి స్టీరింగ్ తప్ప ఇంకే పనీ ఉండకూడదు. ఇది నాకు కొత్త మాట కాదు. నాన్న తిరుమల ఘాట్‌లో ఏళ్ల తరబడి ఆర్టీసీ బస్సు నడిపారు. ఎక్కిన గేరులోనే దిగాలి, దిగడం మొదలయ్యాక గేరు వెతుక్కునేవాడు డ్రైవరు కాడు అనేవారు. ఆ సంగతి ఇన్‌స్ట్రక్టర్‌కి చెబితే మీ నాన్ననే అడక్కపోయావా, నాకెందుకు డబ్బులు అన్నాడు.

1996లో ఒక రేసు ఆఖరి ల్యాపులో, అంటే ఆఖరి చుట్టులో, రేసర్ అలెక్స్ జనార్డీ ముందున్న బ్రయాన్ హెర్టాని దాటింది ఇక్కడే, సగం దూరం మట్టిలోంచి. ఎప్పుడు వెళ్లినా ఎవరో ఒకరు ఆ కథ చెబుతారు. ట్రాక్ డేలో ఆ పని చేస్తే మాత్రం సామాను సర్దుకుని ఇంటికి పొమ్మంటారు.

బ్రేకుల దగ్గర నేను చేసిన తెలివితక్కువ పని చెప్పాలి. మొదటి ఎండాకాలం విల్లోస్ దగ్గరున్న థండర్‌హిల్‌కి వెళ్లాను. అక్కడ జూలైలో ఎండ మన రెంటచింతలకి తీసిపోదు. ప్యాడ్లు కొత్తవి వేయించుకున్నాను గానీ పెడల్ ఒత్తిడిని బ్రేకులకి చేర్చే ద్రవం, అదే బ్రేక్ ఫ్లూయిడ్, రెండేళ్ల నాటిదాన్ని అలాగే వదిలేశాను. నాలుగో విడతలో పెడల్ మెత్తబడింది, తర్వాతి మలుపుకి దాదాపు నేలదాకా వెళ్లింది. రెండోసారి, మూడోసారి గబగబా తొక్కితే అప్పుడు పట్టింది. కాళ్లు వణుకుతూ పిట్‌లోకి వచ్చాను. తప్పు పూర్తిగా నాదే. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలో తేమని పీల్చుకుంటుంది. డాట్ 3 రకం ఫ్లూయిడ్ కొత్తగా ఉంటే కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదన్నది ప్రమాణం. తేమ చేరాక అదే ప్రమాణం 140కి దిగుతుంది. మరిగితే బుడగలు పుడతాయి. బుడగని నొక్కితే అది నలుగుతుంది తప్ప ఆ ఒత్తిడి ప్యాడ్ దాకా చేరదు. అప్పటినుంచి 312 డిగ్రీల దాకా మరగని మోటుల్ ఆర్‌బీఎఫ్ 600 వాడుతున్నాను. ఏటా మారుస్తాను, మధ్యలో గాలి తీయిస్తాను. మళ్లీ ఆ భయం కలగలేదు. ఈ వ్యాసంలో ఒక్క పేరాయే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

తేలిక కారు కావడం వల్ల లాభం అసలు తెలిసేది ఖర్చు లెక్క రాసుకున్నప్పుడు. ట్రాక్ రోజుకి ఫీజు నేను కట్టినవి 350 నుంచి 550 డాలర్ల మధ్య. అది అందరికీ ఒకటే. తేడా అంతా టైర్లలో, ప్యాడ్లలో. నేను 200 ట్రెడ్‌వేర్ (ఈ అంకె తక్కువైతే టైరు త్వరగా అరుగుతుంది) ఉన్న హాంకూక్ ఆర్ఎస్4 టైర్లు వేశాను, సైజు కంపెనీ ఇచ్చిన 205/45 ఆర్17 నే. మొదటి సెట్ 11 ట్రాక్ రోజులు వచ్చింది. నాతో వచ్చే మిత్రుడి కారు 1,700 కిలోల పైనే, అతనికి అలాంటి టైర్లే ఐదు రోజులకి అరిగిపోయాయి, సెట్ ధర నాదానికి రెట్టింపు. నన్ను ప్రతి ల్యాపులోనూ దాటేది ఈయనే. పెట్రోలు బంకు దగ్గర మాత్రం నేను నవ్వుతుంటాను.

టైర్లలో గాలి విషయం కొత్తవాళ్లు పట్టించుకోరు. తలుపు దగ్గర స్టిక్కర్ మీద 29 పీఎస్ఐ అని ఉంటుంది, అది రోడ్డుకి. ట్రాక్ మీద వేడికి అది పెరుగుతూ పోతుంది. నేను చల్లగా 27 పెట్టి దిగుతాను, వచ్చేసరికి 33, 34 ఉంటుంది. మొదటి ఏడాది ఇది చూసుకోకపోవడంతో, ముందు టైర్ల బయటి అంచులు పాత చెప్పుల్లా అరగదీశాను. తర్వాత అలైన్‌మెంట్‌లో ముందు చక్రాలకి కాంబర్, అంటే చక్రం పైభాగం లోపలికి వాలే వంపు, పెంచాక అరుగుదల సమంగా వచ్చింది.

మలుపులో కారు బాగా ఒరుగుతుంది. ఇది రోడ్డు కోసం మెత్తగా చేసిన కారు, ఒరగక ఏం చేస్తుంది. ఫొటోగ్రాఫర్ తీసిన బొమ్మలు చూసి మా ఆవిడ "ఏంటిది, గోదాట్లో లాంచీలా ఉంది" అంది. స్ప్రింగులు మార్చమని పదిమంది చెప్పారు, మార్చలేదు. ఒరిగేటప్పుడే పట్టు ఎంత మిగిలిందో నడుముకి తెలుస్తుంది. పైగా సోమవారం ఆఫీసుకి వెళ్లాల్సింది కూడా ఇందులోనే.

అంత తెలిసీ ఒకసారి తిరగబడ్డాను. పల్టీ కాదు, బొంగరంలా. తొమ్మిదో మలుపు, రెయినీ కర్వ్ అంటారు, దిగుడులో ఎడమకి తిరుగుతుంది. వేగం ఎక్కువైందనిపించి మలుపు మధ్యలో యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేశాను. బరువంతా ముందుకి వాలింది, వెనక చక్రాలు తేలికపడి పక్కకి జారాయి. క్లచ్, బ్రేకు రెండూ తొక్కి పట్టుకుని దుమ్ములో ఆగాను. కారుకి ఏమీ కాలేదు, బంపర్ నిండా గడ్డి. నల్ల జెండా చూపించి పిలిచారు. ఏం జరిగిందో నువ్వే చెప్పు అని అడిగారు. కాలు తీశాను అన్నాను. ఇంకెప్పుడు తీయాలి అన్నారు. మలుపుకి ముందు అన్నాను. పదినిమిషాలు కూర్చోబెట్టి వదిలేశారు.

2023లో ఈ ట్రాక్‌కి కొత్తగా తారు పరిచారు. ఆ తర్వాత నా ల్యాపు సమయం బాగా తగ్గింది. అది నా గొప్పే అని కొంతకాలం చెప్పుకున్నాను. నాతోపాటు అందరికీ తగ్గిందని తర్వాత తెలిసింది.

కొనేముందు తెలుసుకోవాల్సిన చికాకులు కొన్ని. ఇది ఓపెన్ టాప్ కారు కాబట్టి ట్రాక్ డేలు నడిపే చాలా క్లబ్బులు రోల్ బార్, అంటే పల్టీ కొడితే తలని కాపాడే ఇనుప కమ్మీ, లేనిదే ట్రాక్ మీదకి రానివ్వవు. అది వేశాక కూడా ఒక కర్రని రోల్ బార్ పై నుంచి ముందు అద్దం అంచు మీదకి పెట్టి చూస్తారు, హెల్మెట్ ఆ కర్రకి కిందే ఉండాలి. నాది ఐదడుగుల ఏడంగుళాలు, సరిపోయింది. ఆరడుగుల మిత్రుడు సీటులో ఎంత జారి కూర్చున్నా కుదరలేదు. పొడుగువాళ్లు డబ్బు కట్టక ముందే కూర్చుని చూసుకోండి. హెల్మెట్ కూడా బైకుది పనికిరాదు, స్నెల్ ఎస్ఏ ముద్ర ఉన్నది కావాలి. మంటల్ని తట్టుకునే పరీక్ష అందులోనే ఉంటుంది.

ఇన్సూరెన్స్ సంగతి ఇంకో టెన్షన్. నా పాలసీలో రేస్ ట్రాక్ మీద జరిగిన దేనికీ పైసా ఇవ్వమని చిన్న అక్షరాల్లో రాసుంది. ఫోన్ చేస్తే ఏజెంటు మూడుసార్లు మూడు రకాలుగా చెప్పాడు. కాగితం చదివాక సందేహం తీరింది. ట్రాక్ డేలకి రోజువారీ ఇన్సూరెన్స్ విడిగా దొరుకుతుంది, వెళ్లిన ప్రతిసారీ కొంటాను. కారు పూర్తిగా పోయినా అప్పులపాలు కాను అనుకునేవాళ్లు మానేస్తారు, నాకంత గుండె లేదు.

ఒకసారి టైర్ల షాపువాళ్లు మెషిన్‌తో చక్రాల నట్లు ఎంత బిగించారంటే ట్రాక్ దగ్గర ముగ్గురం కలిసినా ఊడలేదు. అప్పటినుంచి ఎంత బిగించాలో కొలిచి చూపే నా టార్క్ రెంచ్ నాతోనే. ఇంకెవరు ముట్టుకున్నా ఇంటికొచ్చి మళ్లీ విప్పి బిగిస్తాను.

లగూనా సెకాలో శబ్దానికి కూడా హద్దుంది. మామూలు ట్రాక్ డేల్లో చాలావరకు 90 డెసిబెల్స్ చుట్టుపక్కల. సైలెన్సర్ మార్పించుకున్న ఖరీదైన కార్లని మధ్యాహ్నంలోపే వెనక్కి పిలుస్తుంటారు. కంపెనీ సైలెన్సర్‌తో నా కారుకి ఆ బాధ లేదు. అంత మంది దాటిపోయిన చోట నేను నెగ్గింది ఈ ఒక్క విషయంలోనే.

మన దగ్గర చదివేవాళ్లకి ఒక మాట. మాజ్దా ఇండియాలో కార్లు అమ్మదు, కాబట్టి ఈ కారు కోసం వెతక్కండి. చెన్నై పక్కన ఇరుంగట్టుకోట్టైలో 3.7 కిలోమీటర్ల ట్రాక్ ఉంది. ఉన్న చిన్న కారునే బ్రేక్ ఫ్లూయిడ్ మార్చి అక్కడికి తీసుకెళ్లినా ఇందులో సగం సంగతులు తెలుస్తాయి.

వెనకనుంచి ఎవరైనా లైట్లు వేస్తే ఒళ్లు మండేవాళ్లు ఈ కారు కొనకండి, రోజంతా మండుతూనే ఉంటుంది. నాన్న మాత్రం ఆ రోజు సాయంత్రం ఇంటికొచ్చేటప్పుడు ఇంకో మాట అడిగారు: "ఆ దిగుడులో నువ్వేసేది మూడో గేరా, రెండా?" మూడు అన్నాను. కాసేపు ఆలోచించి, "నేనైతే రెండు వేసేవాణ్ణి" అన్నారు. వచ్చే నెల బుకింగ్ ఉంది, వేసి చూస్తాను.