బాయిలర్ కోర్సుకు డబ్బు కట్టే ముందు ఆ 32 వేల జీతం లెక్క చూడండి

తిరుపతి, చిత్తూరు వాట్సాప్ గ్రూపుల్లో ఒక ప్రకటన తిరుగుతా ఉంది. మూడు నెలల బాయిలర్ ఆపరేటర్ కోర్సు, ప్రభుత్వ గుర్తింపు సర్టిఫికెట్, 32 వేల జీతం, ఉద్యోగం గ్యారంటీ. ఫీజు 55 వేలు. మా అక్క కొడుకు కట్టినాడు. ఆ ఇన్‌స్టిట్యూట్ పేరు రాయను. ఇదే పాట పాడేవాళ్లు ఇంకా ఉండారు, ఒక పేరు పెట్టుకుని జాగ్రత్తపడితే చాలదు.

నేను ఒక డెయిరీలో ఫస్ట్ క్లాస్ బాయిలర్ అటెండెంట్‌ని, అంటే నీళ్లు కాచి ఆవిరి తీసే బాయిలర్ నడిపేవాణ్ణి. అందుకే ముందు వాడికి ఇచ్చిన హెల్పర్ పని జీతం కాగితం అడిగి చూసినా. అందులో ఉండేది 16 వేలు. మరి 32 ఎట్ల వచ్చె? నెలకు 26 రోజులు, రోజుకు 8 గంటలు, మొత్తం 208 గంటలు. గంటకు దాదాపు 77 రూపాయలు. రోజూ ఇంకో 4 గంటలు ఓటీ చేస్తే 104 గంటలు. ఓటీకి రెట్టింపు ఇవ్వాలనేది చట్టం కాబట్టి దానికి ఇంకో 16 వేలు. నెలంతా పన్నెండు గంటలు పొయ్యి ముందర నిలబడితే వచ్చే లెక్క అది! అంత ఓటీ చేయించడానికి చట్టమే ఒప్పుకోదు. చేయించినా లేబర్ కాంట్రాక్టరు రెట్టింపు ఇయ్యడు. మావాడికి సింగిల్ రేటే కట్టినారు, అదీ పని ఎక్కువున్న రోజుల్లోనే.

ఓటీ లేని నెలలో పీఎఫ్ 1,800, ఈఎస్ఐ 120 పోను చేతికొచ్చింది 14,080. రూములో వాడి వంతు 2,500, మెస్సుకు 4,500, పెట్రోలుకు 2,000. మిగిలిన 5,080లో ఫీజు కోసం తెచ్చిన అప్పుకు నూటికి రెండు రూపాయల వడ్డీ, 1,100. అసలు అట్లే ఉండాది. ఇంటికి ఏం పంపిస్తాడు?

ఆ పని కూడా సీజన్ ఉన్నన్నాళ్లే. మన చిత్తూరు వైపు బాయిలర్లు ఉండే వాటిల్లో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు చాలా ఉండాయి. తోతాపురి కోతలు అయిపోతే పొయ్యి ఆరిపోతుంది, హెల్పర్లను ఇంటికి పంపిస్తారు. 2025లో గుజ్జు నిల్వలు అమ్ముడుపోలేదని ఫ్యాక్టరీలు కాయ కొనడానికే వెనకాడినాయి. కిలోకు ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4 అని లెక్కగట్టి రైతుకు 12 రూపాయలు ఇప్పించాల్సొచ్చింది. కాయకే దిక్కులేని చోట కొత్త హెల్పర్‌కు గ్యారంటీ ఎవరిస్తారు? ఒకప్పుడు మాలాంటోళ్లకు అన్నం పెట్టిన గాజులమండ్యం, చిత్తూరు సహకార చక్కెర ఫ్యాక్టరీలు ఎప్పుడో మూతపడినాయి.

ఇంక సర్టిఫికెట్ సంగతి. మావాడి చేతిలో ఉండేది మెరిసే హోలోగ్రామ్ అంటించిన అట్ట. బాయిలర్‌కు బాధ్యుడిగా నిలబడాలంటే కావాల్సింది ప్రభుత్వ పరీక్షా బోర్డు ఇచ్చే సెకండ్ క్లాస్ లేదా ఫస్ట్ క్లాస్ సర్టిఫికెట్. ఆ పరీక్షకు కూర్చోవాలంటే బాయిలర్ దగ్గర పనిచేసిన అనుభవం చూపించాలి. మూడు నెలల క్లాసు దానికి సమానం కాదు. 1923 చట్టం పోయి 2025లో కొత్త బాయిలర్ల చట్టం వచ్చిన మాట నిజమే. దాన్ని అడ్డం పెట్టుకుని "ఇప్పుడు చేరకపోతే మళ్లీ అవకాశం రాదు" అని తొందరపెడతా ఉండారు. కొత్త చట్టంలో కూడా అర్హత ఉన్నోడే బాయిలర్ నడపాల.

నాకు కోపం తెప్పించింది దుడ్ల సంగతి కాదు. బాయిలర్‌లో నీళ్లు ఎంత ఉండాయో చూపించే గాజు గొట్టాన్ని గేజ్ గ్లాసు అంటారు. ఒకరోజు వాణ్ణి అడిగినా, "గేజ్ గ్లాసులో నీళ్లు కనపడకపోతే ఏం చేస్తావురా?" "ఫీడ్ పంపు ఆన్ చేస్తా మామా" అన్నాడు టక్కున. ఒళ్లు జల్లుమనింది. నీళ్లు తగ్గి ట్యూబులు ఎర్రగా కాలి ఉన్నప్పుడు చల్లనీళ్లు తోలితే బాయిలర్ పేలే ప్రమాదం ఉంది. ముందు పొయ్యి ఆపాల. గేజ్ గ్లాసు కింద నీళ్లు వదిలే కుళాయి (డ్రెయిన్ కాక్) తిప్పి, నీళ్లు మళ్లీ ఎక్కుతున్నాయో లేదో చూసేది ఆపరేటర్ షిఫ్టు ఎక్కగానే చేసే పని. మూడు నెలల్లో వాడి చేత ఒక్కసారి కూడా ఆ కాక్ ముట్టించలేదంట. అంతా ప్రొజెక్టర్ మీద బొమ్మలే.

ఈ పనిలో జీతమే లేదని కాదు. ఇన్నేళ్ల సర్వీసు మీద నాకు 34 వేలు వస్తాయి, ఏడాది పొడుగునా. కానీ హెల్పర్‌గా చేరి, పరీక్షలు రాసుకుంటా వచ్చినా. ఐటీఐ పిల్లోళ్లు బాయిలర్ అటెండెంట్ ట్రేడ్‌లో అప్రెంటిస్‌షిప్ కోసం అడగండి. దానికి మీరు ఫీజు కట్టేది కాదు, ఫ్యాక్టరీ వాళ్లే స్టైపెండ్ ఇస్తారు.

ఇప్పటికే కట్టినోళ్లు రసీదు, ప్రకటన స్క్రీన్‌షాట్, కాల్ రికార్డులు చెరపొద్దండి. మావాడి రసీదులో "స్టడీ మెటీరియల్" అని రాసినారు. ఉద్యోగం మాటే లేదు. ప్రకటన దాచిపెట్టినాడు కాబట్టి ఏదో ఒక ఆధారం మిగిలింది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేసినాం, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు కాగితాలు సిద్ధం చేస్తా ఉండాం. దుడ్లు ఇంకా రాలేదు.