మల్పే దీవుల ప్యాకేజీ: రాళ్లకు ఫుల్ మార్కులు, ట్రావెల్స్‌కు సగమే

విజయవాడలోని ఒక ట్రావెల్స్ వాళ్ల ఉడుపి (కర్ణాటక) ప్యాకేజీలో అమ్మనీ, మా పాపనీ తీసుకెళ్లాను. పాంప్లెట్ మీద ‘సెయింట్ మేరీస్ - నాలుగు దీవుల విహారం’ అని పెద్దక్షరాలతో వేశారు. ఉడుపి పక్కనున్న మల్పే తీరానికి ఎదురుగా, సముద్రంలో నాలుగు దీవులున్న మాట నిజమే. మమ్మల్ని దింపింది మాత్రం కోకోనట్ ఐలాండ్ ఒక్కదానిలోనే. మిగతావి పడవలోంచి చూడటమే. గైడ్‌ని నిలదీస్తే ‘చూపించాం కదండీ’ అన్నాడు!

భవానీ ద్వీపం లాంటి షికారు అనుకుంటే నిరాశే. మనది కృష్ణ మధ్యలో 133 ఎకరాలు. ఇదేమో అటూ ఇటూగా అర కిలోమీటరు పొడవు, వంద మీటర్ల వెడల్పు. ఆటలూ లేవు, గదులూ లేవు, రాత్రి ఉండనివ్వరు. రాళ్ల పక్కన నీళ్లలోకి దిగబోతే లైఫ్‌గార్డులు ఈల వేస్తారు.

అయినా వెళ్లాల్సిందే, ఆ రాళ్ల కోసం. దాదాపు 8.8 కోట్ల ఏళ్ల కిందట, మడగాస్కర్ మన భూభాగం నుంచి విడిపోతున్నప్పుడు పొంగిన లావా అది. చల్లారుతూ కుంచించుకుపోయి, నిలువునా పగిలి స్తంభాలైంది. పైనుంచి చూస్తే మన ఫుట్‌పాత్ మీద పరిచే ఆరు పలకల టైల్స్ లాగే ఉంటాయి, కాకపోతే ఇవి ఊడిరావు. పాప ఒక్కో రాయికీ అంచులు లెక్కపెట్టింది. అన్నిటికీ ఆరే ఉండవు, అయిదువీ ఉన్నాయి, ఏడువీ ఉన్నాయి. ఇంకో వైపు ఒడ్డున ఇసుక కన్నా గవ్వలూ ఆల్చిప్పలే ఎక్కువ. చెప్పులు విప్పితే కాళ్లు కోసుకుంటాయి.

పెద్దవాళ్లున్న ఇంటివాళ్లు ఒకటి ఆలోచించుకోవాలి. పెద్ద పడవ ఒడ్డుదాకా రాలేదు. కాస్త దూరంలో ఆపి, ఊగుతున్న చిన్న పడవలోకి మార్చారు. అమ్మకు మోకాళ్ల నొప్పులు, నాకేమో టెన్షన్. అప్పుడు మాత్రం ఆ గైడే ముందు దూకి, ‘మామ్మగారూ, లేవొద్దు, కూర్చునే జరగండి, నా భుజం పట్టుకోండి’ అంటూ జాగ్రత్తగా దింపాడు. ఆ సగం మార్కులు అతనివే.

మిగతా సగం పోయింది టైమ్ దగ్గర. మల్పేలో పడవ క్యూకే పొద్దున్నంతా గడిచింది, ఆ పైన ‘మురుడేశ్వర్ గుడికి లేటైపోతుంది’ అని గంటకే వెనక్కి తరిమారు. ఎండ నెత్తికెక్కాక ఆ నల్లరాయి మీద నిలబడటమూ కష్టమే. ప్లాస్టిక్ కోసం బ్యాగులు వెతుకుతారు, మా జంతికల కవరు అక్కడే ఉండిపోయింది.

వానాకాలంలో పడవలు నడవవు కాబట్టి దసరా దాటాక చూసుకోండి. డబ్బు కట్టేముందే దీవిలో ఎంతసేపు ఉంచుతారో, పడవ టికెట్ ప్యాకేజీలో కలిసిందో లేదో రాయించుకోండి. మాకు అది విడిగానే పడింది. కుర్రాళ్లయితే ఈ ట్రావెల్స్ జోలికే పోకుండా, ఉడుపిలో రాత్రి దిగి పొద్దున్నే మొదటి పడవ ఎక్కేయండి.